ఎనిమిదిమంది మేనత్తలను మరచిపోవుటకు దరఖాస్తు

మనుషులు ఊళ్ళు మారడం ప్రకృతి ధర్మం; క్వార్టర్‌బ్యాక్ జట్టు మారడం మాత్రం పరిపాలనా వ్యవహారం. అమెరికాలో బాతులు ఏటా చలికాలం రాగానే ఒక్క ఫారమూ నింపకుండా ఉత్తరం నుంచి దక్షిణానికి ఎగిరిపోతాయి. అందుకే వాటిలో ఒక్కటి కూడా ఫుట్‌బాల్‌లో పైకి రాలేదు.

క్వార్టర్‌బ్యాక్ గ్రేడీ హాల్వర్సన్‌కు ముప్పై ఎనిమిదేళ్ళు. బయటి లోకంలో ఈ వయసువాణ్ణి ఇంకా కుర్రాడనే అంటారు. ఫుట్‌బాల్‌లో ముప్పై ఐదు దాటితే 'అనుభవజ్ఞుడు' అంటారు. పెద్ద డాక్టరు 'ఇంటికి తీసుకువెళ్ళి ఇష్టమైనవి పెట్టండి' అనేటప్పుడు ఎంత మర్యాదగా అంటాడో, ఈ మాటనూ అంత మర్యాదగా అంటారు.

చేతులతో ఆడే ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ముందుగా చేతికి అందేవాడు. అవతలి జట్టులోని గున్న ఏనుగుల్లాంటి మనుషులు వచ్చి మీద పడేలోగా అతను ఒక మాట అరుస్తాడు. ఆ మాటను బట్టి తనవాళ్ళు పదిమందీ ఎటు పరుగెత్తాలో అటు పరుగెత్తుతారు. కాబట్టి ఈ ఆటలో కండ కంటే, కాలి వేగం కంటే మాట ముఖ్యం. ఒక్కో జట్టుకు ఒక్కో భాష.

గ్రేడీ పద్నాలుగేళ్ళు ఆడిన పోర్ట్ హాల్డెన్ ఐస్‌కట్టర్స్ జట్టులో ఆ భాష అంతా మేనత్తల పేర్లే. అక్కడి కోచ్ ఆల్డెన్ స్ట్రౌడ్‌ను చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే ఎనిమిదిమంది మేనత్తలు పెంచారు. ఆయన ఆ రుణాన్ని ఎత్తులకు వాళ్ళ పేర్లు పెట్టి తీర్చుకున్నాడు. 'డొరతీ' అంటే ఎడమకు. 'విన్‌ఫ్రెడ్' అంటే కుడికి. 'అగాథా' అంటే బంతిని పొట్టకు కరుచుకుని జనం మధ్యలోంచి దూసుకుపోవడం (అసలు అగాథా అత్త సంతలో అలాగే నడిచేదట). 'పెర్ల్' అంటే బంతిని కళ్ళు కనిపించినంత దూరం విసరడం. పెర్ల్ అత్త పంతొమ్మిదో ఏట ఓడ కళాసీతో వెళ్ళిపోయింది. చాలా దూరమే వెళ్ళింది.

డొరతీ అత్త మాత్రం ప్రతి ఆటకూ వచ్చేది. గ్రేడీ చేరిన కొత్తలో వరసగా అయిదు ఓడిపోయి తల వంచుకుని నిలబడితే, పళ్ళెంలో రూబార్బ్ 'పై' (పుల్లటి కాడలు కూరి కాల్చిన తీపి రొట్టె) ముక్క పెట్టి, "బక్కచిక్కి ఉన్నావు, అందుకే బంతి పోవడంలేదు, తిను" అంది. మూడేళ్ళ క్రితం ఆవిడ పోయింది. సమాధి దగ్గర జట్టు జట్టంతా నల్లకోట్లతో వరసగా నిలబడ్డారు. పాస్టరు గారు పుస్తకం తెరిచి, "డొరతీ..." అన్నారు. పదకొండుమందీ ఒక్క అడుగు ఎడమకు వేశారు. ఎడమ చివరన ఉన్న బూన్ టిల్లెసన్‌కు నేల మిగలలేదు. అతన్ని గోతిలోంచి పైకి లాగడానికి నలుగురు పట్టారు. కోచ్ స్ట్రౌడ్ కళ్ళు తుడుచుకుంటూ, "ఆవిడ చూసి ఉంటే సంతోషించేది. అందరూ ఒకేసారి కదిలారు" అన్నాడు.

అలాంటి జట్టు గ్రేడీని వదులుకుంది. ఎలా వదులుకుందంటే, ఒక మంగళవారం పొద్దున అతని ఫోన్ టింగుమంది. 'మాతో మీ పద్నాలుగేళ్ళ అనుభవం ఎలా ఉంది? అయిదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారు?' తనను తీసేశారన్న సంగతి గ్రేడీకి అలా తెలిసింది. అతను నాలుగు ఇచ్చాడు. ఒకటి ఎందుకు తగ్గించారో రాయమంటే, 'ముందుగా చెప్పి ఉంటే బాగుండేది' అని రాశాడు. వెంటనే జవాబు వచ్చింది. 'మీ సూచనకు ధన్యవాదాలు. సూచనలు ఇచ్చే అర్హత మీకు ఈ ఉదయంతో ముగిసింది.'

వెళ్ళేరోజు నలభై గడుల నిష్క్రమణ పత్రం నింపి, 'ఇక్కడి మాటలన్నీ మరచిపోయాను' అని చివర సంతకం పెట్టి బయటికి వస్తే, కార్లు నిలిపే చోట మంచులో బూన్ నిలబడి ఉన్నాడు. బూన్ ఆ జట్టులో సెంటర్. అంటే ముందుకు వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి అందించేవాడు. పద్నాలుగేళ్ళు అతను అందించాడు, గ్రేడీ అందుకున్నాడు.

"ఒరేయ్, ఇన్నేళ్ళూ నా వెనకాలే నిలబడ్డావు. నా మొహం ఎలా ఉంటుందో గుర్తుంటుందా అసలు?" అన్నాడు బూన్.

"మొహం సంగతి చెప్పలేను గానీ, మిగతాది ఎంత జనంలో ఉన్నా పోల్చుకుంటాన్రా."

"ఛీ, వెధవా." బూన్ ముక్కు తుడుచుకున్నాడు. చలి కదా. "అక్కడ ఎండలు మండిపోతాయట. టోపీ పెట్టుకో. రొయ్యలు పడకపోతే మొహమాటపడి తినకు. కొత్త సెంటర్ బంతి సరిగ్గా ఇస్తున్నాడా లేదా నాకు చెప్పు."

"నీ అంత బాగా ఇవ్వడులే."

"నేను అడిగింది అది కాదు," అని బూన్ కాగితంలో చుట్టిన చేప వేపుడు రొట్టె ఒకటి అతని జేబులో కుక్కి వెళ్ళిపోయాడు. (వెళ్ళేవాడికి దారిలో తినడానికి ఎవరైనా ఏమైనా కట్టిచ్చారా అన్న గడి ఆ నలభైలో లేదు. ఉండి తీరాలి.)

ఇక డెలానో బే ష్రింపర్స్. దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరు, రొయ్యలు పట్టేవాళ్ళ ఊరు. స్టేడియం ముందు గదిలో ఒక పెద్ద తెర ఉంది. దాని మీద 'జట్టు మారిన అనుభవజ్ఞుడు నెగ్గగలడా?' అని రాసి, కింద శాతం వేస్తారు. గ్రేడీ గుమ్మంలో అడుగు పెట్టేసరికి ముప్పై ఏడు. గుమ్మం దగ్గర తుమ్మాడు. ముప్పై ఆరు.

శాతం సంగతి శాతం చూసుకుంటుంది. మైదానంలోకి దిగాలంటే ముందు 'పరివర్తన–మరపు విభాగం' ధ్రువపత్రం కావాలి. ముప్పై ఐదు దాటి మరో జట్టు నుంచి వచ్చినవాడు పాత మాటలన్నీ మరచిపోయాడని విభాగం ధ్రువీకరించాలి. పత్రం వచ్చేదాకా అతను ఆటగాడు కాడు, 'తాత్కాలిక ఆసీనుడు'. ఆటలు మొదలైన మూడో ఆదివారం తర్వాతి మంగళవారం లోపు రాకపోతే ఇంటికి వెళ్ళిపోవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణి మూడో జట్టు పిలవదు. ఆ సంగతి నిబంధనల్లో రాయలేదు. అందరికీ తెలిసినవి రాయరు.

విభాగాధికారిణి లోరెట్టా స్పింక్స్ ముప్పై ఏళ్ళు వాహన లైసెన్సుల కార్యాలయంలో పనిచేసి, అక్కడ జనం మరీ తొందరగా పని ముగించుకుని పోతున్నారని విసుగెత్తి ఇక్కడికి మారింది. ఆమె గ్రేడీ ముందు 11-బి ఫారం పెట్టింది. పైన 'మరచిపోయినవాటి జాబితా' అని ఉంది.

"నువ్వు మరచిపోయినవన్నీ రాయి నాయనా. ఈ గడిలో మాట, పక్క గడిలో అర్థం."

"మరచిపోయినవి ఎలా రాస్తాను మిస్ లోరెట్టా?"

"గుర్తు తెచ్చుకుని రాయి."

"గుర్తొస్తే మరచిపోనట్టే కదండీ?"

"అది మూడో పేజీలో వస్తుంది. మనం ఇంకా మొదటి పేజీలో ఉన్నాం బంగారం."

గ్రేడీ మొదటిసారి ఖాళీగా ఇచ్చాడు. 'అసంపూర్ణం' అని తిరిగొచ్చింది. రెండోసారి ఎనిమిదిమంది అత్తలనూ అర్థాలతో సహా రాశాడు. 'అభ్యర్థికి అన్నీ గుర్తున్నాయి' అని తిరిగొచ్చింది. మూడోసారి తెలివిగా ఆరుగురినే రాశాడు. 'మిగిలిన ఇద్దరినీ దాచిపెట్టాడు' అని ఎర్రసిరాతో వచ్చింది.

ఈ లోగా సాధనలో ఒక ప్రమాదం జరిగింది. ష్రింపర్ల మాటలన్నీ సముద్రపు సరుకు: పీత, ఆల్చిప్ప, రొయ్య, ఇలా. అందులో ఒకటి 'పెర్ల్'. ముత్యం అన్నమాట. దాని అర్థం, బంతిని ఒడిలో దాచుకుని ఆల్చిప్పలా కదలకుండా మోకాలి మీద కూర్చోవడం. కోచ్ రెగీ డూప్రీ గట్టు మీద నుంచి "పెర్ల్!" అని అరిచాడు. పదిమందీ కూర్చున్నారు. గ్రేడీ మాత్రం మునివేళ్ళ మీద లేచి, తన జీవితంలోకెల్లా అందమైన విసురు విసిరాడు. బంతి గోడ దాటి, కార్లు నిలిపే చోట పొయ్యి పెట్టుకున్న ఒక కుటుంబం రొయ్యల పెనం మీద దిగింది.

"ఎక్కడికయ్యా అది?" అన్నాడు కోచ్.

"కళాసీ దగ్గరికి," అని నోరు జారాడు గ్రేడీ.

ఆ సాయంత్రమే విభాగం దాన్ని 'జ్ఞాపక స్రావం, రెండో తరగతి'గా నమోదు చేసి, అతనికి ఒక ఉలికిపాటు పర్యవేక్షకుణ్ణి నియమించింది. ఆయన పేరు ఓడెల్ ట్రింబుల్. సన్నటి మనిషి, మెత్తటి బూట్లు, చేతిలో నోటుపుస్తకం. ఆయన పని గ్రేడీ వెనక నడుస్తూ అనుకోని చోట్ల అత్తల పేర్లు గొణగడం, కాళ్ళు కదిలితే కొలవడం.

భోజనాల వరసలో గ్రేడీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటే, చెవి దగ్గర, "డొరతీ" అన్నాడు ఓడెల్. పళ్ళెం ఎడమ పక్కవాడి మీద పడింది.

"ఎడమకాలు. మూడంగుళాలు," అని రాసుకున్నాడు.

"అది కాలండీ, నేను కాదు."

"కాలు ఎవరిది?"

"నాదే. కానీ నన్ను అడిగి కదలదు. పద్నాలుగేళ్ళు చెప్పగా చెప్పగా..."

"అలా అయితే కాలు వేరే ఫారం నింపాలి." (నిజానికి రెండు. ఒక్కో కాలికి ఒకటి.)

"ఓడెల్ గారూ, మీరు ఎవర్నైనా మరచిపోయారా ఎప్పుడైనా?"

ఓడెల్ నోటుపుస్తకం తిరగేసి చూశాడు. "గుర్తులేదు," అన్నాడు.

గ్రేడీ నిజంగానే ప్రయత్నించాడు. అద్దె ఇంటి వంటగదిలో నిలబడి 'డొరతీ డొరతీ' అని వందసార్లు అన్నాడు, మాట అరిగిపోతుందేమోనని. అరగలేదు. వంటిల్లంతా ఎడమకు నడిచాడు. పేరు వదిలేసి మనిషినే మరచిపోదామనుకున్నాడు. ఆవిడ పెట్టిన రూబార్బ్ 'పై' గుర్తొచ్చింది. దాన్ని మరచిపోదామనుకుంటే ఆకలి వేసింది. తెర మీద శాతం ఇరవై రెండుకు దిగింది.

మూడో ఆదివారం వచ్చింది. ఆ రోజు ష్రింపర్ల మీద ఆడడానికి వచ్చినది పోర్ట్ హాల్డెన్ ఐస్‌కట్టర్స్.

గ్రేడీ తాత్కాలిక ఆసీనుడి హోదాలో బెంచీ మీద కూర్చున్నాడు, పక్కన ఓడెల్. ఐస్‌కట్టర్లు తమ మాటలు ఒక్కటి కూడా మార్చుకోలేదు. మార్చడమెందుకు? గ్రేడీ మరచిపోయినట్టు సంతకం చేసిన పత్రం వాళ్ళ బీరువాలో ఉంది. కాగితాన్ని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మాలి? గ్రేడీ స్థానంలో వచ్చిన కొత్త పిల్లవాడికి అనుభవం లేదు గానీ, గొంతు మాత్రం రేవులో ఓడ కూత. డెలానో బే ప్రేక్షకులు ఎండకు అరవరు, టోపీలతో విసురుకుంటారు. కాబట్టి మైదానంలో ఆ పిల్లవాడు అరిచిన ప్రతి మాటా బెంచీ దాకా వినిపించింది.

"విన్‌ఫ్రెడ్!"

గ్రేడీ కుడికాలు కదిలింది. "కుడి, మూడు," అని రాశాడు ఓడెల్.

"డొరతీ!"

"ఎడమ, మూడున్నర."

సగం ఆట అయ్యేసరికి ష్రింపర్లు పదిహేడు పాయింట్లు వెనకబడ్డారు. కోచ్ డూప్రీ మంచినీళ్ళ కోసం వచ్చి, ఊరికే ఓడెల్ నోటుపుస్తకంలోకి తొంగిచూశాడు. తర్వాత మైదానం వైపు చూశాడు. మళ్ళీ పుస్తకం వైపు చూశాడు. నీళ్ళు తాగడం మరచిపోయాడు.

గ్రేడీకి అర్థమైంది. గబగబా మెడలోని తువ్వాలు తీసి రెండు మోకాళ్ళూ కలిపి కట్టేసుకున్నాడు.

"ఆ తువ్వాలు విప్పు," అన్నాడు కోచ్.

"కోచ్, నాకేమీ తెలియదు. తెలియదని రాసిచ్చాను."

"నిన్నెవరడిగారయ్యా? నేను నీ కాళ్ళతో మాట్లాడుతున్నాను."

"వాళ్ళంతా నావాళ్ళు కోచ్."

"నావాళ్ళు అన్న మాటకు 14-సి ఫారం ఉంది," అన్నాడు ఓడెల్ జాలిగా. "ఇప్పుడు వద్దులెండి. ముందు తువ్వాలు విప్పండి. పర్యవేక్షణకు అడ్డం పెట్టకూడదు."

ఆ తర్వాత జరిగినదాన్ని ఫుట్‌బాల్ పండితులు ఇప్పటికీ సరిగ్గా వివరించలేకపోతున్నారు. ష్రింపర్ల రక్షకులు బంతి వైపు చూడడం మానేసి, పదకొండుమందీ బెంచీ మీద కూర్చున్న ఒక మనిషి మోకాళ్ళ వైపు చూడసాగారు. ఎడమకాలు కదిలితే ఎడమకు, కుడికాలు కదిలితే కుడికి. ఐస్‌కట్టర్లు ఎటు వెళితే అటు ఎదురొచ్చారు. మూడోసారి నేలకరిచి లేచిన బూన్ టిల్లెసన్ వాళ్ళ చూపులు ఎటు పోతున్నాయా అని తనూ అటు చూశాడు. గ్రేడీ మోకాళ్ళు కనిపించాయి. తర్వాత వంగి బంతి మీద చెయ్యి వేశాడు. అతని పని అది.

ఆట చివరి నిమిషానికి ష్రింపర్లు మూడు పాయింట్లు ముందున్నారు. ఐస్‌కట్టర్లకు ఒక్క అవకాశం మిగిలింది. గ్రేడీకి తెలుసు, ఇప్పుడు ఏ అత్త వస్తుందో. రెండు అరచేతులతో మోకాళ్ళను అదిమిపట్టాడు. పళ్ళు బిగించాడు. పద్నాలుగేళ్ళలో ఏ ఆటకూ అంత కష్టపడలేదు. నెగ్గితే పత్రం రావచ్చు, ఓడితే ఇంటికి పోవచ్చు, అదంతా అతనికి గుర్తుంది. అయినా ఈ ఒక్కసారికి కదలవద్దని కాళ్ళను బతిమాలుకున్నాడు.

"పెర్ల్!" అని కూసింది గొంతు.

గ్రేడీ మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాడు.

ష్రింపర్లందరూ వెనక్కి, దూరంగా పరుగెత్తారు. బంతి చాలా ఎత్తుకు వెళ్ళి, చాలా దూరం వెళ్ళి, వాళ్ళ చేతుల్లోనే పడింది. జనం టోపీలతో విసురుకోవడం ఆపి మొదటిసారి అరిచారు. ఓడెల్, "రెండు మడమలు, నాలుగు," అని రాసుకుని, సిరా ఆరేదాకా ఊదాడు.

ఆట అయ్యాక బూన్ బెంచీ దగ్గరికి వచ్చాడు. హెల్మెట్ తీశాడు. గ్రేడీ అతని మొహం చూశాడు. నిజమే, మొహం అంతగా గుర్తులేదు. గడ్డంలో తెలుపు ఎప్పుడొచ్చిందో.

"అత్తల్ని అమ్ముకున్నావు కదరా," అన్నాడు బూన్.

"నేను కాదురా. కాళ్ళు."

"చూశాన్లే. తువ్వాలు కట్టుకోవడమూ చూశాను." బూన్ పక్కన కూర్చున్నాడు. బెంచీ కిర్రుమంది. "టోపీ పెట్టుకోమన్నాను. ముక్కు చూడు, ఉడికిన పీతలా ఉంది."

"స్ట్రౌడ్ కోచ్ తిట్టాడా?"

"తిట్టలేదు. కాసేపు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత లేచి పేర్లన్నీ కొట్టేశాడు. రేపటినుంచి అంకెలు. మాకూ ఫారాలు ఇచ్చారు. అత్తలు మాకిక తెలియరు."

"డొరతీ ఏ అంకె అయిందిరా?"

"నీకు చెప్పకూడదురా," అన్నాడు బూన్. "నువ్వు పరాయి జట్టు." తర్వాత గ్రేడీ భుజం మీద ఒకటి చరిచి, బస్సు హారను కొడుతుంటే వెళ్ళిపోయాడు.

సోమవారం తెర మీద శాతం తొంభై నాలుగు. మైదానంలో కాలు పెట్టకుండా ఆట గెలిపించిన అనుభవజ్ఞుడు దేశంలో ఇతనొక్కడేనని కింద చిన్న అక్షరాలలో వేశారు. కాని మంగళవారానికి ధ్రువపత్రం ఎలా ఇవ్వాలన్నది విభాగానికి పెద్ద చిక్కు అయి కూర్చుంది. నిన్న డెబ్బైవేలమంది ఎదుట ఏమీ మరచిపోలేదని రుజువు చేసినవాడికి, అన్నీ మరచిపోయాడని రాసివ్వాలి.

మంగళవారం పొద్దున లోరెట్టా అతన్ని పిలిచింది. బల్ల మీద పోర్ట్ హాల్డెన్ నుంచి వచ్చిన ఉత్తరం ఉంది.

"కూర్చో నాయనా. మీ పాతవాళ్ళు రాశారు. ఆ ఎనిమిది మాటలకూ నిన్న మధ్యాహ్నం నుంచి ఎక్కడా ఏ అర్థమూ లేదట. ముద్ర వేసి మరీ పంపారు. నిబంధన చదువుతాను విను. 'జ్ఞాపకం అనగా, ఎక్కడైనా ఉన్న విషయమును గురించినది.' లేనిదాన్ని గుర్తుపెట్టుకుంటే అది జ్ఞాపకం కిందికి రాదు."

"మరి నాకు తెలుసు కదండీ, ఎడమకు అని."

"నీకొక్కడికి తెలిస్తే దాన్ని భాష అనరు బంగారం. ఓడెల్, ఆఖరిసారి చూసేయండి."

ఓడెల్ మెత్తగా నడిచి వచ్చి గ్రేడీ చెవి దగ్గర వంగాడు. "డొరతీ," అన్నాడు.

ఎడమకాలు కదిలింది. మూడంగుళాలు. ముగ్గురూ దాన్ని చూశారు. ఓడెల్ పుస్తకం తెరవలేదు.

"ఉలికిపాటుకు ఒక అర్థం ఉండాలి," అన్నాడు. "ఇది వాతం."

లోరెట్టా 11-బి మీద ముద్ర వేసింది. ఆదివారం నుంచి ఆడుకోవచ్చని చెప్పి, చల్లటి టీ తాగమంది, ముక్కుకు ఏదైనా రాసుకోమంది. గ్రేడీ పత్రం అందుకుని చదివాడు. అభ్యర్థి పేరు, వయసు, మరచిపోయిన మాటల సంఖ్య ఎనిమిది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అడుగున 'మరపును నిర్ధారించుటకు కారణం' అన్న గడిలో ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: 'సరిచూసుకొనుటకు మరెవరూ మిగలలేదు.'